రెండుంబావు గాజు

హెర్మీనా పోసెల్ట్ చేతులు చూసి వయసు చెప్పమంటే ఎవరైనా అరవై అనేవారు. ముఖం చూసి చెప్పమంటే ముప్ఫై అయిదు. 1935 ఫిబ్రవరి నాటికి ఆమెకు నిజంగా నలభై ఒకటి. ఆరో ఏట వాళ్ళమ్మ ఆమెను దీపం ముందు కూర్చోబెట్టింది. అప్పటినుంచీ మంటకు దగ్గరగా ఉన్నవి చేతులే గాని ముఖం కాదు.

గాబ్లోంజ్ పట్నానికి పైన, కొండల్లో, హింటర్‌బాఖ్ అనే ఊరు. ఎనిమిది నెలలు చలి, నాలుగు నెలలు బురద. నేలంతా రాళ్ళు. దుంపలు తప్ప ఏమీ పండవు, అవైనా మనసు లేనట్టు పండుతాయి. ఆ ఊళ్ళో పదిహేడు ఇళ్ళు, పదిహేడు దీపాలు. దీపమంటే వెలుతురు కోసం పెట్టుకునేది కాదు, పనిబల్ల. బల్ల కింద కాలితో తొక్కే తిత్తి, బల్ల మీద ఇత్తడి గొట్టం, ఆ గొట్టంలోంచి సూదిలా దూసుకొచ్చే నీలి మంట. కింద కార్ఖానాలో గాజు కడ్డీని మెత్తగా కాల్చి, చుట్టలుగా చుట్టి, కోసి, బుట్టలకెత్తి పైకి పంపుతారు. ప్రతి ముక్కా గుండ్రంగానే ఉంటుంది గాని కొసలు రెండూ కలవవు. ఆ కొసల్ని మంటలో పెట్టి, అతికినట్టు తెలియకుండా అతకాలి. అప్పుడది గాజవుతుంది. డజన్లు డజన్లుగా దారానికి గుచ్చి, శనివారం వీపుకు బుట్ట కట్టుకుని, రెండు గంటలు కొండ దిగి గాబ్లోంజ్‌లో అప్పజెప్పి రావాలి.

కుటీర పరిశ్రమల గురించి కళ్ళు తుడుచుకుంటూ వ్యాసాలు రాసేవాళ్ళున్నారు. ఇంటిపట్టున పని, కుటుంబమంతా ఒకచోట, యంత్రం మింగని మనిషి అని. వాళ్ళను ఒక్క చలికాలం ఆ తిత్తి తొక్కమనాలి. కుటుంబమంతా ఒకచోట ఉండి ఒకే పొగ పీల్చి ఒకే దగ్గు దగ్గుతుంది, అంతే తేడా.

ఆడదాని వయసు, మగవాడి జీతం అడగకూడదంటారు. గాబ్లోంజ్ కొండల్లో ఇంకొకటి కూడా అడగకూడదు: సరుకు ఎక్కడికి పోతుందని. ఎగుమతిదారు తన బేరగాడి పేరు భార్యకు కూడా చెప్పడు. పనివాళ్ళకు తెలిస్తే మధ్యలో తనెందుకని వాళ్ళకు తోస్తుందని భయం. పనివాళ్ళకూ ఈ జబ్బే. పక్కింటివాళ్ళు తన పనితనం ఎత్తుకుపోతారని ప్రతి ఇల్లూ కిటికీలకు కాగితం అంటించుకునేది. బుట్టలకు ఎప్పుడూ గుడ్డ కప్పి ఉండేది. నలభై ఏళ్ళుగా గాజులు అతుకుతున్న ఊరికి పెట్టెల మీద అచ్చువేసిన 'బొంబాయి' అనే ముక్క తప్ప ఇంకేమీ తెలియదు. వాటిని ఎవరు తొడుక్కుంటారో, ఎలా తొడుక్కుంటారో, ఎప్పుడు తొడుక్కుంటారో ఎవరూ అడగలేదు. అడక్కపోవడమే మర్యాద.

హెర్మీనా కథలో మిగతాదంతా ఆ తరంవాళ్ళందరి కథే. పెళ్ళయిన ఏడాదికి యుద్ధం. భర్త వెంజెల్ తూర్పు సరిహద్దుకు వెళ్ళి, చెడిపోయిన ఛాతీతో తిరిగొచ్చాడు. ఆ యుద్ధం రోజుల్లోనే, 1917 చలికాలంలో, ఇద్దరు పిల్లలు వారం తేడాతో పోయారు. తరవాత కలగలేదు. మరుసటేడు ఒక ఉదయం లేచేసరికి దేశం మారిపోయింది, వియన్నా ఏలుబడి పోయి ప్రాగ్ ఏలుబడి వచ్చింది. కొండ అక్కడే ఉంది, దుంపలు అక్కడే ఉన్నాయి, పోస్టాఫీసు మీద జర్మన్ బోర్డు మాత్రం చెక్ భాషలోకి మారింది. వియన్నాను తిట్టుకునేవాళ్ళు ప్రాగ్‌ను తిట్టుకోవడం నేర్చుకున్నారు. నడుమ నాలుగైదేళ్ళు పని ముంచెత్తింది. ఆ రోజుల్లోనే ఆమె ఒక కోటు కొనుక్కుంది. తరవాత అమెరికాలో ఏవో బ్యాంకులు కూలాయన్నారు. ఇండియాలో జనం పరదేశపు సరుకు వద్దంటున్నారన్నారు. జపాన్‌వాళ్ళు సగం ధరకే ఇస్తున్నారన్నారు. ఇందులో ఏది నిజమో హింటర్‌బాఖ్‌కు తెలియదు. తెలిసిందల్లా వెంజెల్ పనిచేసే కార్ఖానాలో కొలిమి ఆరిందని, గాజుల రేటు ఏటేటా తెగుతోందని. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు విసిగి, దీపాలు విప్పేసి, లైసెన్సులు సర్కారుకిచ్చేసి తిండి కూపన్ల వరసలో నిలబడ్డారు. దీపం ఉన్నవాడికి కూపన్ ఇవ్వరు, వాడు పేదవాడు కాదట, వ్యాపారస్తుడట.

1935 కొత్త సంవత్సరానికి రేటు మళ్ళీ తెగింది. ఫిబ్రవరి రెండున కొవ్వొత్తుల పండుగ. పగళ్ళు పెరిగాయని, ఇక రాత్రిపని చాలని వెనకటి రోజుల్లో దీపాలు ఆర్పే రోజది. ఆ సాయంత్రం ఊరి సత్రంలో ఆడవాళ్ళంతా చేరారు. మాట ఎత్తింది హెర్మీనా.

“కిట్టెల్ ఈసారి కోసింది రేటు కాదు, గొంతు.”

కిట్టెల్ అంటే గాబ్లోంజ్ ఎగుమతి కంపెనీలో సరుకు దించుకునే మేనేజరు. బంగారు ఫ్రేము కళ్ళజోడు, గోరువెచ్చని గొంతు.

“కోడి గొంతు కోస్తే కాసేపన్నా కొట్టుకుంటుంది. మనం అదీ చెయ్యలేదే,” అంది బెర్తా. ఆమె వెంజెల్‌కు అక్క, హెర్మీనాకు వదిన. నోరు మంచిది కాదని ఊళ్ళో పేరు. ఊరు సగం ఆ నోటి మీదే బతికేది.

“ఇప్పుడు కొట్టుకుందాం వదినా. ముక్కలన్నీ మన ఇళ్ళల్లోనే ఉన్నాయి. చుట్టుపట్ల ఇంకో దీపం లేదు. మార్చి పన్నెండున ట్రియెస్ట్ రేవులో ఓడ అని గడువు చీటీ మీదే ఉంది. మనం అతక్కపోతే ఆయనకు దిక్కెవరు?”

“ఆయన దిక్కు సంగతి తరవాత. మన దిక్కు?”

“మూడు వారాలు ఓర్చుకోండి. పోయినేటి రేటుకి దిగొస్తాడు.”

“మూడు వారాలేమిటే పిల్లా, నేను పుట్టిందే ఓర్చుకోడానికి. అది కాదు నా బాధ. కాగితాలు అంటించిన కిటికీల వెనక ఎవత్తె తొక్కుతోందో ఎట్లా తెలుస్తుంది?”

అందరూ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఐకమత్యం గురించి పాటలు కట్టినవాళ్ళెవరూ ఇలాంటి గదిలో కూర్చుని ఉండరు. పదిహేడుమందిలో ప్రతి ఒక్కరికీ మిగతా పదహారుమంది మీద అనుమానం, అందులో న్యాయం కూడా ఉంది. ఉపాయం హెర్మీనాయే చెప్పింది: ఎవరి దీపం గొట్టం వాళ్ళు ఊడదీసి తెచ్చివ్వాలి. గొట్టం లేకపోతే మంట లేదు. ఆ సాయంత్రమే పదిహేడు ఇత్తడి గొట్టాలు హెర్మీనా ఇంటి పెట్టెలోకి చేరాయి. నమ్మకం మంచిదే, తాళం ఇంకా మంచిది.

మొదటి వారం ఊరికి పండుగలా ఉంది. ఆడవాళ్ళు ఒకరింటికొకరు వెళ్ళారు, ఏళ్ళ తరబడి చూడని లోపలి గదులు చూసుకున్నారు. రెండో వారం దుంపల పులుసులో దుంపలు తగ్గాయి. పదకొండో రోజున హెర్మీనా నేలమాళిగలోకి దిగి విత్తనానికని ఇసుకలో దాచిన దుంపలు పైకి తెచ్చింది. వెంజెల్ చూశాడు.

“అవి తింటే ఏప్రిల్‌లో ఏం నాటుతావే?”

“ఏప్రిల్‌దాకా ఉంటే కదయ్యా నాటేది.”

అతను కోటు తగిలించుకుని వ్యాయామ సంఘానికి వెళ్ళాడు. పనిపోయినప్పటి నుంచీ అదే అతని ఉద్యోగం. తిండి లేనివాళ్ళు పాతికమంది చేరి, ఒకటి రెండు మూడు అంటూ మోకాళ్ళు వంచేవారు. జర్మన్ల పార్టీకి గుర్తుగా తెల్ల మేజోళ్ళు తొడిగిన కుర్రాళ్ళు పట్నం నుంచి వచ్చి, మన ఆకలికి కారణం ప్రాగ్ అని, యూదులని, చెక్‌లని వరసపెట్టి చెప్పేవారు. వెంజెల్ అక్కణ్ణుంచి వచ్చేటప్పుడు నిటారుగా నడిచేవాడు. ఇంటికొచ్చేసరికి మళ్ళీ వంగిపోయేవాడు.

పదహారో రోజున బెర్తా మనవడు చనిపోయాడు. ఏడు నెలల బిడ్డ. తల్లికి పాలు ఎండిపోయాయి. ఆవు ఉన్నవాళ్ళు అప్పివ్వలేదు. నేల గడ్డకట్టి ఉంది, గుంట తవ్వడానికి నలుగురు మగవాళ్ళకు పూట పట్టింది. పెట్టె మోసింది మాత్రం ఒక్కడే. బెర్తా ఏడవలేదు. అక్కడి నుంచి వస్తూ హెర్మీనా భుజం పట్టుకుంది.

“గొట్టాలు ఇవ్వకు. ఇస్తే నిన్ను చంపేస్తా. ఊరికే పోయాడని అనిపించకు.”

హెర్మీనా తలూపింది. ఆమెకు 1917 గుర్తొచ్చింది. ఏమీ చెయ్యలేక పోగొట్టుకోవడం ఒకటి, చేస్తూ పోగొట్టుకోవడం ఇంకొకటి అనుకుంది. ఏది మేలో ఆమెకు తేలలేదు.

పందొమ్మిదో రోజున కిట్టెల్ తనే వచ్చాడు. మోకాలిలోతు మంచులో గుర్రపు స్లెడ్జి మీద, మూతికి ఉన్ని గుడ్డ చుట్టుకుని. సత్రంలో ఆడవాళ్ళందరినీ పిలిచాడు. అందరికీ వేడి చికోరీ కాఫీ పోయించాడు. కాఫీ తాగేదాకా నోరు విప్పలేదు. ఖాళీ కడుపులో వేడి పడితే మనిషి ఎంత మెత్తబడతాడో ఆ మనిషికి బాగా తెలుసు.

“చూడండమ్మా,” అన్నాడు చివరికి, “మీకు నేను శత్రువుని కాను. మీరేదో పెద్ద ఆర్డరు మీద పట్టుబట్టి కూర్చున్నామనుకుంటున్నారు. అందుకే చెప్పకూడని మాట చెబుతున్నా. ఇది అసలు గాజుల ఆర్డరే కాదు.”

జేబులోంచి ఒక గాజు తీసి బల్ల మీద పెట్టాడు. ఆకుపచ్చది. లోపల రెండుంబావు అంగుళాలు. ఆర్డరంతా ఆ కొలతే.

“ఇది ఎవరి చేతికి పడుతుంది? బెర్తమ్మా, నువ్వు వేసుకో.”

బెర్తా వేసుకోబోయింది. నాలుగు వేళ్ళు దాటి కణుపుల దగ్గర ఆగిపోయింది. నొక్కింది. ఎముకకు తగిలింది. పక్కామెకిచ్చింది. ఆమెకూ అంతే. గాజు ఊరంతా చేతులు మారుతూ తిరిగింది. నలభై ఏళ్ళుగా అవే చేతులు లక్షల గాజులు అతికాయి, ఒక్కసారీ తొడుక్కుని చూడలేదు. అరచెయ్యి చాచి, వేళ్ళు బిగబట్టి, చేతిమేజోడు తొడుక్కున్నట్టు నేరుగా తోశారు. ఒక్కరికీ ఎక్కలేదు.

“పసిపిల్లల ఆటసామాను,” అన్నాడు కిట్టెల్. “బొంబాయి నుంచి ఏం రాశారో తెలుసా? కుదిరితే పంపండి, లేకపోతే మానెయ్యండి అని. నేను మానేస్తే కంపెనీకి పోయేదేం లేదు. మీ ఊరిమీద జాలితో వచ్చాను. ఓడకు అందేలా ఇస్తే కొత్త రేటు. లేదంటే ముక్కలన్నీ బండికెత్తించి తీసుకుపోతా.”

“కొత్త రేటు కాదు, పోయినేటి రేటు,” అంది హెర్మీనా.

“ఆటబొమ్మలకా తల్లీ?”

ఎవరో నవ్వారు. ఆ నవ్వులోనే పని చెడిందని హెర్మీనాకు అర్థమైంది. గాజు చివరగా ఆమె చేతికొచ్చింది. ఆమె కూడా తోసి చూసింది, ఆగిపోయింది. అయినా మనసులో ఒక ముల్లు. ఆటసామాను కోసం ఈ మనిషి ఈ మంచులో రెండు గంటలు ఎందుకు వచ్చాడు? వీడి కాఫీ ఎందుకు అంత తియ్యగా ఉంది? ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కాని ఎదురుగా గాజు ఉంది, తన చెయ్యి ఉంది. చేతికి పట్టనిదాన్ని పట్టిందని ఎలా అంటుంది?

“నువ్వే చెప్పు హెర్మీనా,” అన్నారు. “గొట్టాలు నీ దగ్గరున్నాయి.”

ఆమె బెర్తా వైపు చూసింది. బెర్తా కాఫీ కప్పులోకి చూస్తోంది.

“పిల్లల బొమ్మల కోసం ఇంకో పిల్లాణ్ణి మోయలేను,” అంది బెర్తా. “ఇచ్చెయ్యి.”

హెర్మీనా ఇంటికెళ్ళి పెట్టె తెచ్చి పదిహేడు గొట్టాలూ పంచింది. చీకటి పడేలోగా ఊరంతా తిత్తులు తొక్కుతున్న చప్పుడు. దక్కింది పోయినేటి రేటు కాదు, దానికంటే ఒక మెట్టు కిందున్న కొత్త రేటే. కిట్టెల్ వచ్చిన స్లెడ్జి ఖర్చు కూడా వాళ్ళ మీదే పడింది.

మార్చి తొమ్మిదిన, శనివారం, హెర్మీనా ఊరి తరఫున ఆఖరి బుట్టలు దించడానికి గాబ్లోంజ్ వెళ్ళింది. సరుకు గదిలో కిట్టెల్‌తో పాటు ఇంకో మనిషి ఉన్నాడు. మెడదాకా గుండీలున్న పొడుగు కోటు, నల్ల టోపీ, చామనఛాయ, చలికి వణుకుతున్న మీసం. బొంబాయి వ్యాపారి. వియన్నాలో వేరే పని చూసుకుని, ఆగలేక స్వయంగా వచ్చేశాడు. అప్పటికే కిట్టెల్ మీద కేకలేస్తున్నాడు. అంగడి జర్మన్, ముక్కలు ముక్కలుగా, కాని అర్థమవుతోంది.

“ఈ రెండు డజన్లు పెద్దవి. రెండున్నర. జారి పడతాయి. ఎవరు కొంటారు?”

కిట్టెల్ హెర్మీనా వైపు తిరిగాడు. “మీవాళ్ళేనమ్మా. కొలత చూసుకోరూ?”

“పొరపాటయ్యా. పెద్దవాళ్ళవి కలిసినట్టున్నాయి.”

“పెద్దవాళ్ళవా?” వ్యాపారికి అర్థం కాలేదు. “ఈ చిన్నవే పెద్దవాళ్ళవి.”

“ఇవి పిల్లలవి కదండీ,” అంది హెర్మీనా. “ఏ ఆడదాని చేతికీ పట్టవు.”

అతను ఆమెను వింతగా చూశాడు. తరవాత నవ్వేశాడు. “సబ్బు ఉందా? నీళ్ళు?” మూల చేతులు కడుక్కునే పళ్ళెం ఉంది. ఆమె చెయ్యి తడిపి సబ్బు రాశాడు. “వదిలెయ్. బిగపట్టొద్దు. నిద్రపోతున్నట్టు వదిలెయ్.” బొటనవేలిని అరచేతిలోకి మడిచాడు, చిటికెనవేలి వైపు ఎముకను దానిమీదికి నొక్కాడు. చెయ్యి ఒక్కసారిగా సన్నబడింది. ఆకుపచ్చ గాజు కొంచెం నొప్పిగా, కొంచెం తిప్పుతూ, కణుపులు దాటి మణికట్టు మీదికి జారింది. పనిచేసి బండబారిన చేతికి. అరనిమిషం కూడా పట్టలేదు.

“మా ఆవిడది ఇదే కొలత,” అన్నాడు. “మా అమ్మది ఇంకా చిన్నది. బిగుతుగా ఉంటేనే అందం. వదులుగా ఉంటే నవ్వుతారు. ఇప్పుడు పెళ్ళిళ్ళ రోజులు. ఇల్లిల్లూ గాజులు కావాలి.” మళ్ళీ కిట్టెల్ వైపు తిరిగాడు, మళ్ళీ కోపం వచ్చింది. “నెల రోజులు! టెలిగ్రాం మీద టెలిగ్రాం! ధర పెంచుతాను, ఒకటిన్నర రెట్లు ఇస్తాను, ఓడ తప్పొద్దు అన్నాను. జవాబు లేదు! ఇంకో వారం ఆగితే జపాన్‌వాడి దగ్గరికి పోయేవాణ్ణి!”

కిట్టెల్ దగ్గాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. హెర్మీనా ఆయన వైపే చూస్తోంది. ఆయన తలెత్తలేదు.

“చీటీ రాసిస్తాను, పట్టుకెళ్ళమ్మా,” అన్నాడు.

“ఉంచుకో,” అన్నాడు బొంబాయి వ్యాపారి గాజు చూపించి.

కొండ ఎక్కే రెండు గంటలూ ఆమెకు చలి తెలియలేదు. ఒక్క లెక్కే తిరుగుతోంది. పందొమ్మిదో రోజు. ఇంకో వారం. ఒక్క వారం. ఈ బేరం జపాన్‌కు పోతుందన్న భయంతో కిట్టెల్ దిగొచ్చేవాడు. గెలుపు వాళ్ళ చేతుల్లోనే ఉంది, అక్షరాలా చేతుల్లో, బొటనవేలు మడవడం దగ్గర ఆగిపోయింది. కిట్టెల్ అబద్ధమాడాడు, అది ఆయన వృత్తి. కాని నలభై ఏళ్ళు గాజులు చేసి, అవి చేతికెలా ఎక్కుతాయో అడక్కపోవడం ఎవరి తప్పు?

ఆ మర్నాడే, ఆదివారం, సత్రంలో సభ. మేలో ఎన్నికలు. తెల్ల మేజోళ్ళవాళ్ళ కొత్త పార్టీ నుంచి ఒక ఉపన్యాసకుడు వచ్చాడు. కుర్రవాడు, మంచి గొంతు. మొదటి వరసలో కొండకింది పెద్దమనుషులు, వాళ్ళ నడుమ కిట్టెల్. ఆయన కాళ్ళకూ తెల్ల మేజోళ్ళే.

“మన దీపాలు ఆర్పిందెవరు?” అన్నాడు ఉపన్యాసకుడు.

“ప్రాగ్!” అంది సభ. వెంజెల్ గొంతు అందరికంటే పైన వినిపించింది.

“మన పిల్లల్ని మట్టిలో పెట్టించిందెవరు?”

“ప్రాగ్!”

హెర్మీనా లేచి నిలబడింది. “దీపాలు ఆర్పింది మనం. మళ్ళీ వెలిగించుకున్నదీ మనమే, ఓడిపోకుండానే ఓడిపోయి. ముందు వరసలో ఉన్న కిట్టెల్ గారినడగండి, బొంబాయి నుంచి ఎన్ని టెలిగ్రాములొచ్చాయో.”

గది గుసగుసలాడింది. ఆమె కోటు చెయ్యి పైకి లాగి గాజు చూపించింది. “ఇదుగో. రెండుంబావు. పెద్దవాళ్ళ గాజే. బొటనవేలు మడిచి, సబ్బు రాసి ఎక్కించుకుంటారట. మనం నేరుగా తోసి పట్టలేదన్నాం. వారం ఆగితే రేటు ఒకటిన్నర రెట్లు వచ్చేది.”

తలలు కొన్ని కిట్టెల్ వైపు తిరిగాయి. ఆ క్షణంలో గది ఎటైనా ఒరిగేది. ఉపన్యాసకుడు మంచి ఉపన్యాసకుడు. కిట్టెల్ వైపు ఒకసారి చూసి, మెత్తగా అడిగాడు.

“ఈ సంగతి నీకెవరు చెప్పారమ్మా?”

“బొంబాయి ఆయనే.”

“చెప్పాడా? చూపించాడా?”

“తొడిగి చూపించాడు.”

“విన్నారా?” సభ వైపు తిరిగాడు. “ఎక్కడిదాకా వచ్చామో విన్నారా? ఎక్కడి నుంచో వచ్చిన నల్లవాడు మన ఆడదాని చెయ్యి పట్టుకుని, సబ్బు రాసి, గాజు తొడుగుతాడు. ఆమె వచ్చి మనకే బుద్ధి చెబుతుంది! మన ఆడవాళ్ళను ఈ గతికి తెచ్చిందెవరు?”

“ప్రాగ్!”

వెనక వరసలోంచి ఎవడో ఈల వేశాడు. “వెంజెల్, మీ ఆవిడకి రెండో పెళ్ళిరోయ్!” నవ్వులు. రేటు, టెలిగ్రాములు, వారం, అన్నీ ఆ నవ్వుల్లో కొట్టుకుపోయాయి. హెర్మీనా ఇంకా నిలబడే ఉంది. వినేవాళ్ళు లేనప్పుడు నిజం చెప్పినవాడు గొప్పగా కనిపిస్తాడని కథల్లో రాస్తారు. గొప్పగా ఏం కనిపించడు. దారికి అడ్డంగా నిలబడినట్టు కనిపిస్తాడు. “కూర్చోవే,” అంది పక్కామె.

ఇంటికొచ్చాక వెంజెల్ తలుపు గడియ పెట్టాడు.

“తియ్యి.”

“తీస్తాను. సబ్బు తడపనీ.”

“సబ్బు లేకుండా తియ్యి.”

“రాదయ్యా అట్లా.”

అతను పనిబల్ల మీది ఇనుప పట్టకారు తీసి, ఆమె చెయ్యి బల్లకు అదిమి, ఒక్క దెబ్బ వేశాడు. గాజు నాలుగు ముక్కలైంది. ఒకటి మణికట్టులో దిగింది. రక్తం చూశాక అతను కూలబడ్డాడు. ముక్క తీసింది అతనే, పాత చొక్కా చింపి కట్టు కట్టింది కూడా అతనే.

“ఊరు నవ్వింది హెర్మీనా,” అన్నాడు. “ఎవరేనా నన్ను చూసి నవ్వక రెండేళ్ళయింది. అక్కడ నన్ను మనిషిలా చూస్తారు. అదీ లేకుండా చేశావు.”

ఆమెకు అతని మీద కోపం రాలేదు. రావలసినంత బలం కూడా లేదు. సోమవారం పొద్దున్నే కట్టు చేత్తోనే దీపం ముందు కూర్చుంది. కొత్త ఆర్డరు, అదే కొలత, కొత్త రేటు.

మధ్యాహ్నం బెర్తా వచ్చింది. తలుపు తన వెనకాలే మూసింది. శాలువా చాటున ఉన్న సబ్బుముక్క తీసి బల్ల మీద పెట్టింది.

“ఏదీ, చూపించు.”

“పగిలిపోయింది వదినా.”

“బల్లమీద గుట్టలున్నాయి కదే.”

హెర్మీనా గుచ్చిన డజనులోంచి ఒకటి తీసింది. బెర్తా చెయ్యి పట్టుకుని తడిపింది. “వదిలెయ్ వదినా. బిగపట్టకు.” వదలడం బెర్తాకు చేతకాలేదు, అరవై ఏళ్ళలో ఎప్పుడూ వదల్లేదు. మూడోసారికి వదిలింది. బొటనవేలు మడిచి, ఎముక నొక్కి, హెర్మీనా గాజును తిప్పుతూ తోసింది. మణికట్టు మీదికి వచ్చి ఆగింది.

బెర్తా చెయ్యెత్తి గాజును వెలుతురులో తిప్పి చూసింది.

“నువ్వు చెప్పింది నిజమేనే.”

“మరి అందరికీ చెబుదాం. నువ్వు చెబితే వింటారు. ఆగస్టులో మళ్ళీ పెద్ద ఆర్డరొస్తుంది, అప్పుడు...”

“చెప్పను.”

“వదినా!”

“మేలో ఓటు కూడా ఆ మేజోళ్ళవాళ్ళకే వేస్తాను. నా వైపు అట్లా చూడకు. పిల్లాణ్ణి ప్రాగ్ చంపిందంటే నేను పొద్దున్నే లేవగలను. కిట్టెల్ చంపాడన్నా లేవగలను. వాడు పోయిన మూడోనాడు, ఇంకొక్క వారం ఆగలేక, ఇదుగో ఈ బొటనవేలు మడవడం తెలియక ఇచ్చెయ్యమన్నది నేను. ఆ మాట ఊరంతా చెప్పుకుంటుంటే ఎట్లా లేవనే? నువ్వే చెప్పు, ఎట్లా లేవను?”

హెర్మీనా మూలనున్న పెట్టె వైపు చూసింది. ఇచ్చింది తను కూడా. గొట్టాలు తన పెట్టెలోనే ఉండేవి. తాళం తనే తీసింది.

“తీసెయ్,” అంది బెర్తా చెయ్యి చాపి.

ఎక్కించడం కంటే తియ్యడం కష్టమైంది. సబ్బు మళ్ళీ రాయాల్సి వచ్చింది. కణుపుల దగ్గర చర్మం కొంచెం లేచింది. గాజు వచ్చాక హెర్మీనా దాన్ని నీళ్ళలో ముంచి, గుడ్డతో తుడిచి, వెలుతురుకు పెట్టి అతుకు చూసింది. బాగానే ఉంది. దారం విప్పి దాన్ని మిగతా పదకొండుతో కలిపి గుచ్చింది. డజనులో ఒకటి తగ్గితే కిట్టెల్ మొత్తం డజనూ కొట్టేస్తాడు.

బెర్తా సబ్బుముక్క శాలువా కొసన ముడేసుకుని వెళ్ళిపోయింది. హెర్మీనా కాలు తిత్తి మీద పెట్టింది.